విద్యాదానం – ఋషిఋణం
(శ్రీపంచమి నాటి సాయంకాలం ఆలయ మండపంలో చేసిన ఉపన్యాసం)



ఈనాడు శ్రీపంచమి. వాగ్దేవిని ఆరాధించే పర్వదినం. గోదావరీ తీరంలోని బాసర క్షేత్రంలో ఈ రోజున ఎందరో పసిపిల్లలకు అక్షరాభ్యాసం జరుగుతుంది. మన ఆలయంలో కూడా ఈ ఉదయం ఇదే మండపంలో ఆ శుభకార్యం జరిగినది. పళ్ళెంలో బియ్యం పరచి, పిల్లవాని చేతికి పసుపుకొమ్ము ఇచ్చి, పెద్దలు ఆ చిన్నచేతిని పట్టుకొని ఓనమాలు దిద్దించారు. మీలో చాలామంది చూచియే ఉంటారు.

ఆ వరుసలో ఒక అమ్మమ్మ తన మనుమడిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఉన్నది. పిల్లవాని తల్లిదండ్రులు పనుల కోసం పట్నం వెళ్ళారట. అర్చకులు, "అమ్మా, పిల్లవాని చేయి పట్టుకొని దిద్దించండి" అన్నారు. ఆమె చటుక్కున చేయి వెనుకకు తీసుకున్నది. "నాకు రాదు సామీ. నా చెయ్యి మంచిది కాదు. మీరే పట్టించండి" అన్నది.

ఆ చేయి మంచిది కాకపోవడమేమిటి? నాట్లు వేసిన చేయి. కలుపు తీసిన చేయి. బిడ్డలను పెంచి, ఇప్పుడు బిడ్డల బిడ్డలకు అన్నం కలిపి పెడుతున్న చేయి. పళ్ళెంలోని ఆ బియ్యం కూడా అటువంటి చేతి కష్టమే గదా! అయినప్పటికీ అక్షరం దగ్గరకు వచ్చేసరికి ఆమె తన చేతిని తానే తక్కువ చేసుకున్నది. మేము ఈ సాయంకాలం వేరొక విషయం చెప్పవలెనని వచ్చాము. ఆ మాట విన్న తరువాత మరొక విషయం చెప్పడానికి మనసు ఒప్పలేదు. కనుక చిన్ననాట అక్షరం అందక పెద్దవారైన మన తోటివారికి మనమెట్లా గురువులం కావలెను అన్నదే నేటి ప్రసంగం. వేదాంత విషయం వినదలచి వచ్చినవారు నిరాశ చెందనక్కరలేదు. ఇదియు వేదవిషయమే.

మనుష్యుడు మూడు ఋణాలతో పుడుతున్నాడని శ్రుతి చెబుతున్నది. దేవఋణం యజ్ఞం చేత తీరుతుంది. పితృఋణం సంతానం చేత తీరుతుంది. ఋషిఋణం అధ్యయనం చేత తీరుతుంది. అయితే అధ్యయనమంటే తాను చదువుకొని ఊరకుండుట మాత్రమే కాదనీ, చదివినదానిని మరొకరికి అందించినప్పుడే ఆ బాకీ చెల్లినట్లనీ మా గురువుగారు చెప్పేవారు. అధ్యయనం వెంట అధ్యాపనం ఉండి తీరవలెను. మనం చదువుకున్న ప్రతి అక్షరాన్నీ ఎవరో ఒకరు మన చేయి పట్టుకొని దిద్దించారు. వారికి తిరిగి ఇవ్వలేము. ముందున్నవారికి ఇవ్వగలము.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పవలసి ఉన్నది. వేదాధ్యయనానికి నియమాలున్నవి. ఆ నియమాల చర్చ వేరు. కాని ఓనమాలకు అధికారి ఎవరు అనే విచారణతో పని లేదు. ఆకలిగొన్నవాడే అన్నానికి అధికారి అయినట్లు, అడిగినవాడే అక్షరానికి అధికారి. అయినను తరతరాలుగా చదువు తెలిసిన మన ఇండ్లవారు ఆ ఓనమాలను కూడా తలుపు లోపలనే ఉంచుకున్నారు. బయట నిలబడినవారు అడగటం కూడా మానివేశారు. ఈ ఉదయం ఆ తల్లి చేయి వెనుకకు తీసుకోవడంలో ఆ పాత అలవాటు మాకు కనిపించినది. ఆ దోషంలో మా భాగం మాకున్నది.

మీలో ఎవరైనా ఒక ప్రశ్న వేయవచ్చును. "స్వామీ, శ్రీకాళహస్తిలో సాలీడు ఏమి చదివినది? పాము ఏ పాఠశాలకు పోయినది? ఏనుగుకు ఓనమాలు వచ్చునా? వేటాడి బ్రదికిన తిన్నడు కన్నప్ప కాలేదా? భక్తికి అక్షరంతో పని ఏమి?" అని. సత్యమే. ముక్తికి అక్షరం అక్కరలేదు. కాని ప్రోనోటుకు అక్కర. కన్నప్పకు శివుని మూడవ కన్ను రక్షగా ఉన్నది. మన వీధిలోని కూలివానికి కాగితం మీద ఏమి వ్రాసి ఉన్నదో చూచుకొనే సొంత కన్ను కావలెను. పరమార్థం పేరు చెప్పి వ్యవహారంలో ఒకనిని గ్రుడ్డివానిగా ఉంచడం ధర్మం కాదు.

ఈ మాట మేము పుస్తకం చూచి చెప్పడం లేదు.

నలభై ఏండ్ల క్రిందటి సంగతి. అప్పుడు మేమున్న గ్రామంలో దేవాలయపు పూలతోట చూచే ఒకాయన ఉండేవాడు. తెల్లవారకముందే పూలు కోసి, సజ్జ నింపి, గడప వద్ద ఉంచి వెళ్ళేవాడు. ఆయనకు అర ఎకరం మెట్టభూమి ఉన్నది. కూతురి పెండ్లికి అప్పు కావలసి వచ్చి, ఒకరోజు మధ్యాహ్నం మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చి, "సామీ, ఇందులో ఏముందో ఒక్కసారి సదివి చెప్పండి. సాయంత్రం వేలిముద్ర వెయ్యమంటున్నారు" అన్నాడు.

మేము మడి కట్టుకొని నివేదనకు పోతున్నాము. ఆ కాగితం ముట్టుకుంటే మరల స్నానం చేయవలెను. "రేపు రా" అన్నాము.

ఆయన మరునాడు రాలేదు. రావలసిన పని లేకపోయినది. ఆ సాయంకాలమే వేలిముద్ర పడినది. తాకట్టు అనుకున్నది విక్రయమని ఆయనకు కొన్ని నెలల తరువాత తెలిసినది. మమ్ములను ఒక్క మాట అనలేదు. యథాప్రకారం తెల్లవారకముందే పూలు తెచ్చి గడప వద్ద ఉంచేవాడు. మేము ఆ పూలతోనే అర్చన చేశాము. మరొక్క చెంబెడు నీళ్ళు పోసుకొని ఉంటే ఆ అర ఎకరం నిలిచేది. ఆయన ఇప్పుడు లేడు. ఆ బాకీ మా మీద అట్లే ఉన్నది.

అయితే ఇందులో మరొక ధర్మసూక్ష్మం ఉన్నది. మేము ఆ రోజున చదివి చెప్పి ఉంటే ఆ ఒక్క కాగితం మాత్రమే తేలేది. తరువాతి కాగితానికి ఆయన మరల మా గడప వద్ద నిలబడవలసినదే. చదివి పెట్టడం ఉపకారం. చదవడం నేర్పడం విద్యాదానం. ఉపకారం పొందినవాడు మరల మరల చేయి చాచవలెను. విద్య పొందినవాడు చాచనక్కరలేదు.

ఇక అక్షరం వచ్చిన పెద్దవారు ఏమి చేయగలరో మన తెలుగుదేశమే లోకానికి చూపినది. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ ఏర్పడిన తరువాత, జిల్లాలలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలు నడిచినవి. జీతం తీసుకోని ఒక సేవకుడు సుమారు పదిమందికి చదువు చెప్పడం వాటి పద్ధతి. నెల్లూరు జిల్లాలో రాత్రివేళ దీపాల ముందు కూర్చున్న స్త్రీల వాచకాలలో, సారా వలన సంసారాలు చెడుట, ఆడవారు ఏకమగుట పాఠాలై వచ్చినవి. దూబగుంట గ్రామపు స్త్రీలు ఆ పాఠాన్ని పలక మీద ఉంచి తుడిచివేయలేదు. సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతా వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చినది. అది 1997లో సడలిపోయినది, ఆ కథ వేరు. దీపం ముందు కూర్చున్న కూలితల్లులు ఒక ప్రభుత్వం చేత శాసనం చేయించారన్నది మనం గ్రహించవలసిన విషయం.

ఆ ఉద్యమాలు ముగిసిన తరువాత పని అంతా ముగిసినదని మనం అనుకున్నాము. ముగియలేదు. ఏడేండ్లు, అంతకు పైబడినవారిని లెక్కించగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో నూటికి 44 మంది అక్షరాస్యులు. 2011 నాటికి నూటికి 67 మంది అయినారు. పెరుగుదల గొప్పదే. కాని అప్పటికీ ముగ్గురిలో ఒకరు బయట నిలబడియే ఉన్నారు. వారిలో స్త్రీలు అధికం. ఈ ఉదయం మనుమనిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నది వారిలో ఒకరు.

మరి వీరికి చదువు చెప్పేవాడు ఎట్లా చెప్పవలెను? దీనికి ప్రమాణం ఛాందోగ్యోపనిషత్తు పంచమాధ్యాయంలో ఉన్నది. వినండి.

ప్రాచీనశాలుడు మొదలుగా అయిదుగురు గృహస్థులు ఉండేవారు. పెద్ద పెద్ద శాలలు కలవారు, వేదం బాగుగా చదివినవారు. వారికి ఆత్మ యేది, బ్రహ్మమేది అనే సంశయం కలిగినది. ఉద్దాలకుని వద్దకు పోయి అడుగుదామనుకున్నారు. వారిని చూచిన ఉద్దాలకుడు, వీరు అడిగినదానికి పూర్తిగా సమాధానం చెప్పగల శక్తి తనకు లేదని గ్రహించి, దానిని దాచుకొనక, వారిని వెంటబెట్టుకొని కేకయ రాజైన అశ్వపతి వద్దకు బయలుదేరాడు. తానే గురువునని కూర్చోక, శిష్యులతో కలిసి తానూ ఆరవ శిష్యుడైనాడు. అదియే మొదటి పాఠం.

అశ్వపతి వారిలో ప్రతి ఒక్కరినీ విడివిడిగా పూజించాడు. వారు తమకు ధనం వద్దనీ, విద్య కావలెననీ చెప్పారు. ఉదయం చెబుతానన్నాడు. మేమూ ఆ తోటవానికి "రేపు" అనియే చెప్పాము. కాని అశ్వపతి రేపు నిజంగా వచ్చినది. తెల్లవారగానే ఆ పెద్దవారందరు చిన్న బ్రహ్మచారుల వలె సమిధలు చేతబట్టుకొని వచ్చారు. అప్పుడు ఆ రాజు ఏమి చేశాడు? వారికి ఉపనయన విధి చేయకయే విద్య చెప్పాడని శ్రుతి ప్రత్యేకంగా చెబుతున్నది. ఎందుకు చెప్పవలెను? పెద్దవారిని పిల్లవాండ్ర వరుసలో నిలబెట్టలేదని తెలియడానికే అని మేము అనుకుంటున్నాము.

తరువాత వెంటనే ఉపన్యాసం మొదలుపెట్టలేదు. ఒక్కొక్కరిని పిలిచి, "నీవు దేనిని ఆత్మగా ఉపాసిస్తున్నావు?" అని అడిగాడు. ఒకరు ద్యులోకమన్నారు. ఒకరు సూర్యుడన్నారు. ఒకరు వాయువు, ఒకరు ఆకాశం, ఒకరు జలం, ఉద్దాలకుడు భూమి అన్నారు. తెలిసినదానిలో ఉన్న సత్యాన్ని ఒప్పుకొని, దానివలన వారి ఇంట కలిగిన మేలును చూపి, అది వైశ్వానరునిలో ఒక అవయవమనీ, మిగిలినది ఇదియనీ చెప్పాడు. ముందు వారికి తెలిసినది ఏమో అడుగు. తరువాత నీకు తెలిసినది చెప్పు. పెద్దవారికి పాఠం చెప్పే విధానం ఇంతకంటె స్పష్టంగా మరెవరు చెప్పగలరు? నారదుడు వచ్చినప్పుడు సనత్కుమారుడు కూడా ముందుగా అదే అడిగాడు.

ఇదంతా ఎరిగియుండి కూడా మేము చేసిన తప్పులు చెబుతాము. మీరు చేయకుందురు గాక.

ఏడేండ్ల క్రిందట మేము ఆలయంలోని ఆరుగురికి సాయంకాలపు హారతి తరువాత చదువు చెప్పడం మొదలుపెట్టాము. పూలు అమ్మే తల్లులు ఇద్దరు, గోశాల చూచే ఆయన, వంటశాలలో కూరలు తరిగే ఆమె, రాత్రి కాపలాదారు, ప్రాకారం పని చేస్తున్న తాపీమేస్త్రి.

మొదటి తప్పు. మేము పాఠశాలలో సంత పద్ధతిలో చదువుకున్నవాళ్ళం. గురువుగారు ఒకమారు చెబితే మేము రెండుమారులు చెప్పేవాళ్ళం. పుస్తకం ముట్టకుండానే పనసలకు పనసలు కంఠస్థమయ్యేవి. వీరికీ అట్లే చెప్పాము. పది దినాలలో 'అ' మొదలు 'ఱ' వరకు అందరూ కలసి మండపం మ్రోగేటట్లు వల్లె వేశారు. మాకు ఆనందమయినది. పదకొండవ నాడు పలక మీద 'మ' ఒక్కటి వ్రాసి ఇదేమిటని అడిగాము. ఒక్కరూ పలుకలేదు. పూలమ్మే తల్లి ఒకరు వ్రేళ్ళు మడుచుకుంటూ 'అ' నుండి లెక్క పెట్టుకొని రావడం మొదలుపెట్టినది. చెవితో వచ్చే విద్య వేరు, కంటితో వచ్చే విద్య వేరు అని మాకు డెబ్బదియవ యేటికి చేరువలో తెలిసినది.

అప్పుడు వయోజన వాచకాల పద్ధతి చూచాము. అవి వర్ణమాల వరుసతో మొదలు కావు. బొమ్మతోను, తెలిసిన మాటతోను మొదలవుతవి. ఆ మాటను విడదీసి అక్షరాలు చూపుతవి. త, ల, వ, క, ప అనే అయిదు అక్షరాలు వచ్చినవంటే తల, వల, కల, కలప, పలక అని అయిదు మాటలు చదువవచ్చును. మొదటి వారంలోనే మాట చదివిన తృప్తి కలుగుతుంది. గుణింతం తరువాత, ఒత్తులు ఆ తరువాత.

రెండవ తప్పు. తాపీమేస్త్రికి మేము రెండు దినాలు ఒకటి, రెండు అని అంకెలు దిద్దించాము. ఆయన వినయంగా దిద్దాడు. మూడవనాడు తెలిసినది, టేపు మీది అడుగులు, అంగుళాలు అన్నీ ఆయన ముప్పది ఏండ్లుగా చదువుతున్నాడని. మేము అడుగలేదు, ఆయన చెప్పలేదు. పూలమ్మే తల్లి రెండున్నర మూరల ధర నోటితో చెప్పిన తరువాతనే మాకు కాగితం మీద లెక్క తేలేది. అశ్వపతి అడిగిన ప్రశ్న మేము మరచాము.

మూడవది పెద్ద తప్పు. అదే మేస్త్రి 'మ'కు 'య'కు తేడా తెలియక పదే పదే తప్పు వ్రాస్తుంటే, ఒకనాడు అందరి ముందర, "ఎన్నిమార్లు చెప్పాలయ్యా! రాయి నయం" అన్నాము. ఎనిమిదవ యేట మా గురువుగారు మమ్ములను అంతకంటె పెద్ద మాటలే అన్నారు. మాకేమీ కాలేదు. కాని మేస్త్రికి వయస్సు యాభైరెండు. మరునాటి నుండి రాలేదు. నాలుగవనాడు మేమే వారి ఇంటికి వెళ్ళాము. ఆయన కుర్చీ వేసి కూర్చుండబెట్టి ఇట్లా అన్నాడు. "సామీ, నలభైమందికి పని సెప్పేవాణ్ణి. నాకు సదువు రాదని నాకు తెలుసు. అది తెలిసే గదా మీకాడికొచ్చినా. మళ్ళీ అందరి ముందర మీరు సెప్పే పని లేదు." మేము చేతులు జోడించి క్షమించమని అడిగాము. వారం తరువాత వచ్చాడు. రాకపోతే ఆ తప్పు కూడా మా బాకీలో చేరేది.

నాలుగవది. కాపలాదారుకు ఎంత చెప్పినా అక్షరం నిలువడం లేదు. మందబుద్ధి అనుకున్నాము. అది చత్వారం. నలభై దాటినవారికి దగ్గరి వస్తువు మసకగా కనబడుతుంది. చదువు లేనివారికి ఆ సంగతి తెలిసే అవసరమే కలుగదు. కళ్ళజోడు వచ్చిన తరువాత ఆయన అందరికంటె ముందు నడిచాడు. కనుక చదువు చెప్పే ముందు చూపు సంగతి విచారించండి. అక్షరాలు పెద్దవిగా వ్రాయండి. కొడవలి, పార పట్టి బిరుసెక్కిన వ్రేళ్ళకు సన్నని పెన్సిలు కష్టం. కొన్నాళ్ళు పలక, బలపం వాడనివ్వండి.

అయిదవది అందరూ చేసేది. సంతకం నేర్పి, పని అయిపోయినదని వదలివేయడం. సంతకం పెట్టగలిగి చదవలేనివాడు వేలిముద్ర వేసేవానికంటె ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. వేలిముద్ర చూస్తే ఎదుటివాడు ఒకమారు చదివి వినిపించవలెనని అయినా అనుకుంటాడు. సంతకం చూస్తే, చదివే పెట్టాడని వాదిస్తాడు. సంతకం మొదటి మెట్టు కావలెను గాని, చివరి మెట్టు కారాదు.

ఇక ఈ పనికి పూనుకొనేవారు గుర్తుంచుకోవలసినవి కొన్ని. వారితో సమానంగా చాప మీదనే కూర్చోండి. అమ్మా, పెద్దయ్యా అని పిలవండి. ఏకవచనం వద్దు. పిల్లలు వచ్చి తొంగిచూడని చోటు ఎంచుకోండి. మనుమల ముందు తప్పు చదవడం ఎవరికీ ఇష్టముండదు. నాట్లు, కోతల కాలంలో రాలేదని కోపగించకండి, తిరిగి వచ్చినప్పుడు ఎందుకు రాలేదని అడుగకండి, ఆగినచోటి నుండి మొదలుపెట్టండి. మీకు నచ్చినది కాక వారికి కావలసినది ముందు నేర్పండి. ఒకరికి బస్సు మీది పేరు కావలెను. ఒకరికి మందుబిళ్ళల అట్ట మీది తేదీ కావలెను. ఒకరికి బ్యాంకు పుస్తకం, మరొకరికి ఫోనులో కూతురి పేరు కావలెను. ప్రాథమిక వాచకాలు పూర్తి కావడానికి సుమారు 200 గంటలు పడుతుందని నాటి ఉద్యమాల అంచనా. దినానికి ఒక గంట చొప్పున ఏడు నెలలు. ఒక మండల దీక్షకు నలభై దినాలు లెక్కపెట్టుకోగలిగిన మనకు ఇది అసాధ్యమేమీ కాదు.

అక్షరమనగా నశింపనిది అని అర్థం చెబుతాము. అక్షరం నశింపదు గాని, చదవకుండా ఉంటే అక్షరజ్ఞానం నశిస్తుంది. ఉద్యమకాలంలో నేర్చుకొన్నవారు కొందరు తరువాత చదివేది ఏమీ లేక మరచిపోయినారు. కనుక వాచకం ముగిసిన తరువాత చిన్న కథలు, భజన పాటలు, వార్తాపత్రిక చేతికి ఇస్తూ ఉండవలెను.

మా పూలమ్మే తల్లి ఎనిమిదవ నెలలో ఒకనాడు ఆలయ ద్వారం వద్ద ఉన్న పలకను చూచి కూడబలుక్కుంటూ చదివినది. చదివి నవ్వు ఆపుకోలేకపోయినది. "సామీ, ఇన్నేళ్ళూ ఇదేదో దేవుడి మంత్రమనుకొని రోజూ దండం పెట్టుకుంటున్నా. చెప్పులు ఇక్కడ విడవమనా రాసింది!" అన్నది. మేమూ నవ్వాము. తరువాత ఇంటికి పోయి ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఆమె ఆ పలకకు మ్రొక్కినన్ని ఏండ్లూ మేము రోజూ దాని ప్రక్క నుండియే లోనికి పోయాము.

తైత్తిరీయోపనిషత్తులోని శాంతిమంత్రం మీలో చాలామందికి కంఠస్థం. గురుశిష్యులు కలసి చెప్పుకొనే ప్రార్థన అది. అందులోని క్రియలలో ద్వివచనం ఉన్నది. రక్షణ శిష్యునికి మాత్రమే కోరలేదు, ఇద్దరికీ కోరినది. చదువు తేజోవంతం కావడం కూడా ఇద్దరిదీ. చివర ఒకరినొకరు ద్వేషించుకొనకుండ ఉండవలెనని కోరినది. గురుశిష్యుల మధ్య ద్వేషమెందుకు వస్తుందని చిన్ననాట మేము అడిగేవాళ్ళం. మేస్త్రి ఇంటి అరుగు మీద కూర్చున్ననాడు మాకు తెలిసినది. చెప్పేవాడు తాను పైనున్నాననుకుంటే చాలు, ద్వేషానికి విత్తు పడుతుంది.

ఆ ఉపనిషత్తే శిక్షావల్లితో మొదలవుతున్నది. బ్రహ్మవిద్యకు ముందు వర్ణాల ఉచ్చారణ చెప్పినది. అక్షరం చెప్పే పని తక్కువ పని కాదు. అదే శిక్షావల్లి చివర, చదువు ముగించి ఇంటికి పోయే శిష్యునికి గురువు దానం చేసే విధం చెబుతూ, శ్రద్ధతో పాటు సిగ్గును కూడా పేర్కొన్నాడు. ఆ సిగ్గు ఎవరిది? పుచ్చుకునేవానిది కాదు, ఇచ్చేవానిది. ఇంతకాలం ఇవ్వనందుకు సిగ్గు, ఇచ్చేది కొంచెమే అయినందుకు సిగ్గు. మన ఊళ్ళలో ఇది తలక్రిందులైనది. నేర్చుకోవడానికి వచ్చినవారు సిగ్గుపడుతున్నారు, నేర్పేవారు ఛాతీ విరుచుకుంటున్నారు. ఆ సిగ్గును వారి వద్ద నుండి తీసుకొని మన వద్ద ఉంచుకోవడమే మన మొదటి పాఠం కావలెను.

కేంద్ర ప్రభుత్వం 2022-27 సంవత్సరాలకు 'ఉల్లాస్' అనే పేరుతో, 15 ఏండ్లు పైబడిన 5 కోట్ల మందికి చదువు చెప్పే లక్ష్యంతో ఒక కార్యక్రమం రూపొందించినది. అదియు జీతం లేని సేవకుల మీదనే ఆధారపడినది. అందులో చేరి చెప్పండి, లేదా మీ ఇంటి అరుగు మీద ఒక్కరికే చెప్పండి. పదవ తరగతి చదివినవారు చాలు. పాండిత్యం అక్కరలేదు, ఓర్పు కావలెను. విశ్రాంత ఉద్యోగులున్నారు, పిల్లలు పెద్దవారైన తల్లులున్నారు, సెలవులలో ఉన్న విద్యార్థులున్నారు. హుండీలో వేసేది వేయండి, వద్దనము. దానితో పాటు దినానికి ఒక గంట ఇవ్వండి. మీ ఇంట పనిచేసే తల్లిని, మీ వీధి ఊడ్చే అన్నను, "మీకు చదువుకోవలెనని ఉన్నదా?" అని ఒకమారు అడగండి. "రేపు" అని మాత్రం అనకండి.

దేవస్థానం వారు ఈ మండపాన్ని సాయంకాలపు హారతి తరువాత ఒక గంట ఈ పనికి విడిచిపెట్టుటకు అంగీకరించారు. చాపలు, పలకలు ఉన్నవి. మేము ఎప్పటివలె ఆ ఉత్తరపు స్తంభం వద్ద కూర్చుంటాము. ఉదయం వచ్చిన ఆ అమ్మమ్మకు కబురు పంపాము. వస్తుందో రాదో తెలియదు. రాకపోతే నాలుగు దినాలాగి మేమే వెళ్ళి అడుగుతాము. వచ్చి, చదువు వచ్చిన తరువాత, ఆమె తన చేతితో మనుమని చేయి పట్టుకొని దిద్దించిన రోజున మా బాకీలో కొంత తీరినదనుకుంటాము.

వాగ్దేవి మనందరికీ ఇచ్చే బుద్ధిని, ఇచ్చేటప్పుడు ఉండవలసిన సిగ్గును ప్రసాదించుగాక.

స్వస్తి.